ఉప్పు చెమ్మగిల్లే వేళ

తమిళ నెలల్లో పురటాసి వెళ్లి ఐప్పసి వచ్చేసరికి, అంటే అక్టోబరు మధ్యకల్లా, చెన్నై వంటిళ్లలో ఒక చిన్న మార్పు కనిపిస్తుంది. నిన్నటిదాకా గలగలా రాలిన ఉప్పు ఇవాళ చెంచాకి అంటుకుంటుంది. మూత పెట్టడం మరిచిపోతే తెల్లారేసరికి గింజగింజా మెరుస్తూ, గిన్నె అడుగున సన్నటి నీటిపొర తేలుతుంది. అది చూసి మా అమ్మ, “వానలు పట్టేట్టున్నాయి, బియ్యం డబ్బా మూత గట్టిగా వెయ్యండి” అనేది. ఉప్పుకీ బియ్యానికీ ఏం సంబంధమని చిన్నప్పుడు అడగలేదు. తర్వాత పుస్తకాలు తిరగేస్తే, ఆహార నిల్వ శాస్త్రంలో సగం ఆ ఒక్క మాటలోనే ఉందని అర్థమైంది.

ఉప్పు గింజ గాలిలోని నీటి ఆవిరిని తన మీదికి లాక్కుంటుంది. ఆ ఆవిరి పల్చటి పొరగా పట్టి, కొంత ఉప్పుని కరిగించుకుని, ఇక ఏమాత్రం కరగనంత చిక్కటి ఉప్పునీరవుతుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దాటితే ఈ ఉప్పునీరు గాలి నుంచి ఇంకా నీటిని తీసుకుంటుంది. 75 కంటే దిగితే ఉన్న నీటిని గాలికి ఇచ్చేసి మళ్లీ గింజకడుతుంది. సాపేక్ష ఆర్ద్రత అంటే, ఆ వేడిలో గాలి మోయగలిగిన ఆవిరిలో ఎన్నో వంతు ఇప్పుడు మోస్తోందన్న లెక్క. మన ఎండాకాలానికీ చలికాలానికీ ఈ 75 అంకె దాదాపు కదలదు. తేమమాపకాలు సరిగా చూపిస్తున్నాయో లేదో పరీక్షించడానికి ప్రయోగశాలల్లో సంతృప్త ఉప్పు ద్రావణం వాడేది అందుకే. వంటింటి గట్టు మీద ఉప్పు చెమ్మగిల్లిందంటే, గదిలో గాలి 75 గీత దాటిందని పరికరం చెప్పినట్టే. అయితే ఇందుకు పొడి ఉప్పునే చూడాలి. కల్లుప్పులో కలిసి ఉండే మెగ్నీషియం లవణాలు ఇంకా పొడిగా ఉన్న గాలిలోనే నీరు పట్టేస్తాయి కాబట్టి దాని మాట నమ్మలేం.

ఇదే 75 అంకె బియ్యం దగ్గరా ఆవకాయ దగ్గరా మళ్లీ ఎదురవుతుంది. ఒకచోట అది ప్రమాదపు గీత, ఇంకోచోట రక్షణ గీత.

ఆరు నెలల ఎడం

తెలుగు ఇళ్లలో ఏడాది దినుసులు సమకూర్చుకునే కాలం మాఘం నుంచి వైశాఖం దాకా. కొత్త కందులు, కొత్త చింతపండు, గుంటూరు మిరప, ఆ తర్వాత మామిడి, వరసగా చేతికొస్తాయి. ఎండ కాస్తుండగానే వడియాలు, అప్పడాలు, ఒరుగులు, ఊరుమిరపకాయలు, ఊరగాయలు పూర్తిచేసి, మృగశిర కార్తెకి జాడీలకు వాసెన కట్టేస్తారు. ఆ లెక్కంతా జూన్‌లో మొదలయ్యే నైరుతి వానల కోసం ఏర్పడింది.

చెన్నైకి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు ఈ లెక్కను వెంట తెచ్చుకున్నారు. మే నెల కత్తిరి ఎండల్లో మిద్దెల మీద ఇప్పటికీ మిరపకాయలు, వడియాలు ఎండుతూనే ఉంటాయి. కానీ చెన్నై వాన వేరు. ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు కురిస్తే అందులో దాదాపు 60 శాతం అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. మామూలుగా అవి మొదలయ్యేది అక్టోబరు 20 ప్రాంతంలో. వైశాఖంలో ఎండబెట్టిన సరుకు కార్తికంలో అక్కరకొస్తుందన్నమాట. మధ్యలో ఆరు నెలల సముద్రపు గాలి ఉంది. చాలా ఇళ్లలో సరుకు పాడయ్యేది ఈ ఆరు నెలల్లోనే, ఎవరూ డబ్బా తెరిచి చూడని రోజుల్లో.

కానీ ఈ నగరంలో ఆపద మాత్రం నెలల తరబడి మెల్లగా రాదు. ఒక్క రాత్రిలో వస్తుంది. 2015 డిసెంబరు 1న మొదలైన వాన 24 గంటల్లో తాంబరంలో దాదాపు 49 సెంటీమీటర్లు కురిసింది. అడయారు నది పొంగింది, విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది, మరుసటి రోజు ‘ది హిందూ’ పత్రిక చెన్నైలో అచ్చు కాలేదు. 2016 డిసెంబరు 12న వర్ధా తుపాను వేల చెట్లను కూల్చి కరెంటు తీసేసింది. పెద్ద నోట్ల రద్దు జరిగి అప్పటికి నెల దాటింది. చేతిలో చిల్లర లేదు, కొట్టులో కార్డు గీకడానికి కరెంటు లేదు. 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచాంగ్ తుపాను వేళచ్చేరి, పళ్లికరణై, ముడిచ్చూరులను రోజుల తరబడి నీళ్లలో ఉంచి, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ప్రతిసారీ ఖాళీ అయినవి ఒక్కటే: పాలు, తాగునీళ్లు, కొవ్వొత్తులు, బ్రెడ్డు. ప్రతిసారీ ఇంట్లో సరుకున్నవాళ్లలోనూ కొందరు దాన్ని వండుకోలేకపోయారు. నిల్వ గురించి మాట్లాడుతున్నప్పుడు ఈ చివరి సంగతి గుర్తుంచుకోవాలి.

ఉన్న నీరు, అందే నీరు

ఆహారం ఎందుకు చెడిపోతుంది? అందులో నీరుంది కాబట్టి అనుకుంటాం. ఎంత నీరుందన్నది అసలు లెక్క కాదని 1950లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త విలియం జేమ్స్ స్కాట్ చూపించాడు. సూక్ష్మజీవికి ఎంత నీరు అందుతుందన్నదే లెక్క. ఉప్పు, చక్కెర, పిండి పదార్థం నీటి అణువుల్ని పట్టి ఉంచుతాయి. పట్టుబడిన నీరు కంటికి కనిపించినా బాక్టీరియాకు అందదు. ఇలా అందే నీటిని 0 నుంచి 1 దాకా కొలుస్తారు. దాన్నే నీటి క్రియాశీలత అంటారు. మంచినీళ్లది 1. వస్తువుల్ని పాడుచేసే బాక్టీరియాలో చాలావాటికి 0.91కి పైన కావాలి. ఆహారాన్ని విషంచేసే స్టఫిలోకోకస్ లాంటి మొండి రకం 0.86 దాకా తట్టుకుంటుంది. బూజుల్లో చాలావాటికి 0.80 చాలు. ఎంత ఎండులోనైనా బతికే కొన్ని బూజులు 0.61 దాకా పాకుతాయి. అంతకంటే కిందికి పోతే ఏ సూక్ష్మజీవీ పెరగదు.

చిక్కటి ఉప్పునీటి క్రియాశీలత 0.75. ఇందాక గాలి విషయంలో చూసిన 75 శాతం ఇదే. ఆవకాయ జాడీలో ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగి తనతో కట్టేసుకుంటుంది. మామిడి పులుపు వల్ల బొటులిజం కలిగించే క్రిమి లేవదు. ఆవపిండిలోని ఘాటు నూనె సూక్ష్మజీవుల్ని అదుపులో పెడుతుంది. పైన తేలే నువ్వులనూనె గాలిని ఆపి బూజుకి ఊపిరాడనివ్వదు. ఇన్ని కాపలాలున్న జాడీలోకి ఒక తడి చెయ్యి వెళ్లిందనుకోండి. ఆ నాలుగు చుక్కలు పడినచోట ఉప్పు పల్చబడి, అక్కడ మాత్రం క్రియాశీలత 0.80 దాటుతుంది. రెండు రోజుల్లో సరిగ్గా అక్కడే తెల్లటి బూజు మచ్చ పుడుతుంది. తడి చెయ్యి పెట్టొద్దని అమ్మమ్మలు అరిచింది ఆ నాలుగు చుక్కల కోసమే.

బియ్యం కూడా గాలి పీలుస్తుంది

బియ్యపు గింజ చుట్టూ ఉన్న గాలితో ఎప్పుడూ తేమను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలి పొడిగా ఉంటే తేమ వదులుతుంది, చెమ్మగా ఉంటే పడుతుంది. సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దగ్గర ఉన్న గాలిలో చాలా రోజులు తెరిచి ఉంచితే బియ్యంలో తేమ 14 శాతం దగ్గర నిలుస్తుంది. నిల్వకు పనికొచ్చే పై హద్దు కూడా సుమారుగా అదే. ఏడాది దాచాలంటే 12కి దగ్గరగా ఉండటం మేలు. చెన్నైలో ఈశాన్య వానల రోజుల్లో ఉదయంపూట ఆర్ద్రత 80 దాటడం మామూలు. అప్పుడు గోనె సంచిలో మూతి విప్పి ఉన్న బియ్యం రోజురోజుకీ ఆ హద్దును దాటిపోతూ ఉంటుంది. ఉప్పు తడిసిన రోజున బియ్యం డబ్బా మూత గుర్తుచేయడంలో అమ్మ ఉద్దేశం ఇదే.

హద్దు దాటితే ముందు ముక్క వాసన వస్తుంది, తర్వాత బూజు కడుతుంది. వేరుశనగ, మిరపకాయ, మొక్కజొన్నల మీద పెరిగే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వెతుక్కుంటూ వెళ్లి వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో దీన్ని కనుక్కున్నారు. 1974లో ఇలాంటిదే మన దేశంలో మనుషులకు జరిగింది. రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో కోత వేళకి అకాల వానలు పడి మొక్కజొన్న తడిసింది. తినడానికి వేరే గతి లేని కుటుంబాలు ఆ తడి కంకుల్నే దాచుకుని తిన్నాయి. దాదాపు నాలుగు వందల మందికి కాలేయ వ్యాధి సోకితే నూరు మందికి పైగా చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి పరిశోధించి, దోషి అఫ్లాటాక్సిన్ అని తేల్చారు. కరువుకని దాచుకున్న తిండే వాళ్ల ప్రాణం తీసింది.

ఈ విషం ఉడికిస్తే పోదు, వేయిస్తే పూర్తిగా పోదు, కడిగితే పోదు. బూజు దులిపేసి వాడుకుందామన్న పొదుపు ఇక్కడ చెల్లదు. బూజు పట్టిన వేరుశనగ గింజల్ని, లోపల నల్లబడిన మిరపకాయల్ని పారేయాల్సిందే.

తన నీరు తానే చేసుకునే పురుగు

బియ్యంలో ముక్కుపురుగు ఎక్కణ్నుంచి వచ్చిందని ప్రతి ఇంట్లో అడుగుతారు. చాలాసార్లు అది గింజ లోపలే ఇంటికొస్తుంది. ఆడపురుగు తన ముక్కుతో గింజకి కన్నం చేసి, అందులో ఒక గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పైకి గింజ నున్నగానే కనిపిస్తుంది. పిల్ల లోపలే తిని పెరిగి, మన వాతావరణంలో సుమారు నెల రోజులకు పెద్ద పురుగై గింజ తొలుచుకుని బయటికొస్తుంది. ఒక్క ఆడపురుగు తన జీవితంలో మూడు నాలుగు వందల గుడ్లు పెట్టగలదు. కొట్టులోనో గోదాములోనో పడిన గుడ్లు మన అటక మీద పురుగులవుతాయి.

ఆ పొడి బియ్యంలో పురుగుకి తాగడానికి నీళ్లేవి? అది తనకు కావలసిన నీటిలో చాలాభాగం ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. పిండి పదార్థం ఆక్సిజన్‌తో కలిసి పూర్తిగా ఖర్చయితే బొగ్గుపులుసు వాయువు, నీరు మిగులుతాయి. నూరు గ్రాముల పిండి పదార్థానికి సుమారు 55 గ్రాముల నీరు పుడుతుంది. పురుగు బతికేది ఈ నీటి మీదే. అది వదిలిన వేడి, ఆవిరి చుట్టుపక్కల గింజల్ని చెమ్మ చేస్తాయి. ఆ చెమ్మకి బూజు వస్తుంది, బూజు మరింత నీటిని వదులుతుంది. బస్తాలో చెయ్యి పెడితే ఒక్కోచోట వెచ్చగా తగలడం ఈ గొలుసు మొదలైందనడానికి గుర్తు.

మన పూర్వులు గొలుసులో తెంచాల్సిన కడియం ఏదో పట్టుకున్నారు. పాతర వేయడం అంటే నేలలో గొయ్యి తీసి, గడ్డి పరిచి, ధాన్యం నింపి, గాలి చొరకుండా మూసేయడం. లోపలి గింజలూ పురుగులూ ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుంటే పురుగులు చస్తాయి. ఊపిరాడక చస్తాయని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో లారీ మర్డాక్ బృందం బొబ్బర్ల పురుగు మీద ప్రయోగాలు చేసి, 2012లో ఒక ఆసక్తికరమైన సంగతి ప్రకటించింది. ఆక్సిజన్ తగ్గినప్పుడు పురుగు తన నీరు తాను చేసుకోలేక, దాహంతో ఎండిపోయి చస్తుందట. ఆ బృందం ఆఫ్రికా రైతుల కోసం తయారుచేసిన మూడు పొరల సంచులు పనిచేసేది ఈ సూత్రం మీదే. మన పాతర సూత్రమూ అదే.

ఇంటికి వర్తించే పాఠం సులువు. గాలి దూరని మూతలున్న చిన్న డబ్బాలు తీసుకుని అంచు దాకా నింపాలి. లోపల ఖాళీ ఎంత తక్కువుంటే ఆక్సిజన్ అంత త్వరగా అయిపోతుంది. పాతిక కిలోలు ఒకే డబ్బాలో పోసి రోజూ మూత తీస్తే రోజూ పురుగుకి కొత్త గాలి అందించినట్టే. అయిదు కిలోలవి అయిదు నింపి, ఒకటి అయిపోయాకే ఇంకోటి తెరిస్తే మిగతా నాలుగూ పాతరలో ఉన్నట్టే.

ఒక్క హెచ్చరిక. తేమ ఉన్నదాన్ని మూసిపెడితే పురుగు చచ్చినా సరుకు పులిసి పాడవుతుంది. ఎండ నుంచి తెచ్చిన వేడి పప్పును వెంటనే డబ్బాలో పోయడమూ తప్పే. వేడిగాలి ఎక్కువ ఆవిరిని మోస్తుంది. రాత్రి చల్లబడగానే ఆ ఆవిరి మూత లోపల చుక్కలు కట్టి కిందికి జారుతుంది. అందుకే ఎండబెట్టాలి, పూర్తిగా చల్లార్చాలి, ఆ తర్వాతే మూయాలి. ఈ వరస మారకూడదు.

ఆముదం చేతులు, వేపాకు, కొన్ని విషాలు

కందుల పురుగు గుడ్లు పెట్టేది గింజ పైన. ఆముదం పట్టించిన గింజ మీద గుడ్డు సరిగా అంటుకోదు, అంటుకున్నా నూనె పొర కింద దానికి గాలి అందదు. కిలో పప్పుకి చెంచాడు ఆముదం అరచేతులకి రాసుకుని కలిపే పద్ధతి వెనుక కారణమిది. గుండు పప్పుల్ని నల్లటి గుడ్డ మీద పరిచి, పైన పల్చటి ప్లాస్టిక్ పట్టా కప్పి మండుటెండలో ఉంచితే లోపలి వేడి 57 డిగ్రీల దాకా వెళుతుంది. ఆ వేడి గంటసేపు నిలిస్తే గుడ్డు మొదలు పెద్ద పురుగు దాకా ఏదీ మిగలదని బొబ్బర్ల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. బియ్యాన్ని మాత్రం ఇలా ఎండలో పెట్టకూడదు. తేమ ఒక్కసారిగా పోయి గింజ నెర్రెలిచ్చి వండేటప్పుడు నూకవుతుంది. బియ్యం నీడన ఆరాలి. బొంబాయి రవ్వను దోరగా వేయించి దాచడం వల్ల గుడ్లు చస్తాయి, తేమా తగ్గుతుంది. అదే పనికి ఇంకో దారి, కొత్తగా తెచ్చిన రవ్వ, మైదా ప్యాకెట్లను డీప్ ఫ్రీజర్‌లో నాలుగైదు రోజులు ఉంచడం.

వేపాకు, ఎండుమిరప పురుగుని కొంత దూరం పెడతాయి కానీ గింజ లోపలికి చేరినదాన్ని చంపలేవు. వాటిని తోడుగా వాడుకోవాలే తప్ప వాటి మీదే భారం వేయకూడదు. కొందరు బియ్యానికి బోరిక్ పొడి కలుపుతారు. అది తినదగిన వస్తువు కాదు, పిల్లలున్న ఇంట్లో మరీ ప్రమాదం. ఇంకొందరు గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల్ని ఇంటి బస్తాల్లో వేస్తారు. గాలిలోని తేమ తగలగానే ఆ బిళ్ల ఫాస్ఫీన్ అనే విషవాయువుని వదులుతుంది. పడుకున్న మనుషులు నిద్రలోనే చనిపోవచ్చు. వానల చెమ్మలో ఆ వాయువు ఇంకా త్వరగా వస్తుంది. ఆ బిళ్ల ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు.

దాచినందువల్ల మెరుగయ్యేవీ ఉన్నాయి. పాత బియ్యం అన్నం పొడిపొడిగా, ఒదుగుగా రావడం మనందరికీ తెలుసు. నెలలు గడిచేకొద్దీ గింజలోని మాంసకృత్తుల, కొవ్వుల స్వభావం మారి, అవి పిండి పదార్థాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి. అందువల్ల మెతుకు అతుక్కోదు, నీళ్లు ఎక్కువ పీల్చి బాగా సాగుతుంది. ఉప్పుడు బియ్యంలో వడ్లను ముందే ఉడికించడం వల్ల గింజ గట్టిపడి పురుగుకి అంత తేలిగ్గా లొంగదు. దంపుడు బియ్యం సంగతి వేరు. పైపొర తవుడులో నూనె ఉంటుంది కాబట్టి కొన్ని నెలలకే కారు వాసన పడుతుంది. ఆరోగ్యానికి మంచిదని దాన్ని ఏడాదికి కొని దాచడం నష్టం.

పొయ్యి వెలగని రోజుకి

తుపాను రోజుల్లో బియ్యం ఉండి గ్యాసు లేకపోవచ్చు, గ్యాసు ఉండి మంచినీళ్లు లేకపోవచ్చు. అందుకే నిల్వలో కొంత భాగం వండకుండా తినేదై ఉండాలి. మన వంటింట్లో ఇలాంటివి తరతరాలుగా ఉన్నాయి. అటుకులు ఒకసారి ఉడికి నలిగినవే, నాలుగు నీళ్లు చిలకరిస్తే తిండి. మరమరాలు, పేలాలు అంతకంటే తేలిక. చెన్నై కొట్లలో పొట్టుకడలై అనే పుట్నాలపప్పు ముందే వేగి ఉంది, దాని బరువులో అయిదో వంతుకి పైగా మాంసకృత్తులు. బెల్లం, వేయించిన వేరుశనగ గుళ్లు, ఖర్జూరం తోడైతే పిల్లలకి రెండు మూడు రోజులు గడిచిపోతాయి. పాలకి పాలపొడి, లేదా అతి ఎక్కువ వేడిలో కొన్ని సెకన్లు కాచి గాలి చొరని పెట్టెల్లో అమ్మే పాలు. విప్పనంతవరకు వాటికి ఫ్రిజ్ అక్కర్లేదు.

లెక్క వేసుకుందాం. ఆపదలో మనిషికి రోజుకి సగటున 2,100 కేలరీలు అవసరమని సహాయ సంస్థలు లెక్కగడతాయి. 300 గ్రాముల బియ్యం వెయ్యికి కాస్త పైన ఇస్తుంది. 75 గ్రాముల పప్పు, పాతిక మిల్లీలీటర్ల నూనె కలిపితే 1,500 దగ్గరికి చేరుతుంది. మిగతాది అటుకులు, బెల్లం, పల్లీలు పూడుస్తాయి. నలుగురున్న ఇంటికి వారానికి సుమారు ఎనిమిదిన్నర కిలోల బియ్యం, రెండు కిలోలకు పైగా పప్పు, ముప్పావు లీటరు నూనె. తాగడానికి, వండుకోడానికి మనిషికి రోజుకి అయిదు లీటర్ల చొప్పున మూడు రోజులకి 60 లీటర్లు, అంటే చెన్నైలో అందరికీ తెలిసిన ఇరవై లీటర్ల క్యాన్లు మూడు. వీటికి తోడు వారానికి సరిపడా మందులు, చిన్న నోట్లు కొన్ని, టార్చిలైటు, అగ్గిపెట్టె ఒక గాలి దూరని డబ్బాలో. అటక నిండా సరుకు అక్కర్లేదు. నెల వెచ్చాలకి ఒక వారం ముందుంటే చాలు. నేల మీద మాత్రం ఏదీ ఉంచకూడదు, చెన్నై వరద మొదట చేరేది అక్కడికే.

నీళ్లూ ఒక సరుకే

పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువుల మీద, కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వచ్చే కృష్ణా నీళ్ల మీద బతికే నగరమిది. 2019 వేసవిలో ఆ నాలుగు చెరువులూ దాదాపు ఎండిపోయాయి. జూలై 12న జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్లలో 25 లక్షల లీటర్ల నీరు రైల్లో విల్లివాక్కం చేరింది. వీధివీధినా రంగురంగుల ప్లాస్టిక్ బిందెల వరసలు కనిపించిన రోజులవి.

నీటి నిల్వ ధాన్యానికి తలకిందులు. ధాన్యంలో తడి చెయ్యి పెట్టకూడదు, నీళ్లలో ఏ చెయ్యీ పెట్టకూడదు. కుళాయి నీటిలో ఉండే కొద్దిపాటి క్లోరిన్ నిల్వలో రోజురోజుకీ తగ్గిపోతుంది. ఆ తర్వాత చెంబు ముంచిన ప్రతి వేలు మురికిని చేరుస్తుంది. మూతి సన్నగా ఉన్న పాత్ర, కింద కుళాయి, పైన మూత ఉంటే సగం జబ్బులు ఆగిపోతాయి. అనుమానముంటే బట్టలో వడగట్టి, తెర్లుతూ ఒక నిమిషం మరిగిస్తే చాలు. డెంగీ తెచ్చే ఈడిస్ దోమ మన డ్రమ్ముల్లోనే పెరుగుతుంది. గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన గోడకి అంటించి పెడుతుంది. నీళ్లు పారబోసినా ఆ గుడ్లు నెలల తరబడి ఎండి ఉండి, మళ్లీ తడి తగలగానే పిల్లలవుతాయి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి, గోడల్ని కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది కడగాలి.

అందరి అటక

తుపాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం కొట్టు ముందు వరస చూడండి. ఆరు పాల ప్యాకెట్లు కొన్నవాళ్ల వెనుక, ఏ రోజు కూలితో ఆ రోజు సరుకు కొనుక్కునే మనిషి నిలబడి ఉంటుంది. ఆమెకు ముందే కొనడానికి డబ్బు లేదు, దాచడానికి అటక లేదు. కూవం నది ఒడ్డున ఉన్న గుడిసెలో దాచినా వరద దాన్ని మిగల్చదు. కొనగలిగినవాళ్లు ఎండాకాలంలోనే కొద్దికొద్దిగా కొనిపెట్టుకుంటే ఆ సాయంత్రం వరసలో ఉండాల్సిన పని ఉండదు, ఆమె వంతు పాలు ఆమెకి మిగులుతాయి. ముందుచూపు ఉన్న ఇల్లు సరుకు కొరతని తగ్గిస్తుంది. భయంతో కొనే ఇల్లు అదే సరుకుతో కొరతని పెంచుతుంది.

సరుకు ఉండటం వేరు, అందరికీ అందడం వేరు. ఈ నగరానికి అది అనుభవంలో ఉన్న పాఠమే. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చనిపోయారు. 1877 ఫిబ్రవరి నాటి చిత్రాల్లో మద్రాసు సముద్రపు ఒడ్డున ధాన్యం బస్తాలు గుట్టలుగా కనిపిస్తాయి. ధాన్యం ఉంది, ఆకలిగొన్నవాళ్ల చేతికి మాత్రం అందలేదు. ఆ కరువు పనిగానే అడయారునీ కూవాన్నీ కలుపుతూ బకింగ్‌హామ్ కాలువ భాగాన్ని తవ్వారు. తర్వాత దశాబ్దాల పాటు ఆ కాలువ మీదే నెల్లూరు వైపు నుంచి బియ్యం, వంటచెరకు పడవల్లో నగరానికి వచ్చాయి. జార్జిటౌన్‌లో తెలుగు ఆర్యవైశ్యుల కన్యకాపరమేశ్వరి దేవస్థానానికి చెందిన కొత్వాల్ చావడి, 1996లో కోయంబేడు అంగడి వచ్చేదాకా, ఊరికంతటికీ కూరగాయల అటకగా ఉండేది. ఇవాళ అటక లేనివాళ్ల అటక రేషన్ కొట్టు. తమిళనాడులో 2011 జూన్ నుంచి కార్డుదారులకు బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. గోదాములో ఆ బియ్యం పొడిగా, పురుగు లేకుండా ఉండటం మన డబ్బాలోని బియ్యం కంటే ఎక్కువ ముఖ్యం.

నవరాత్రికి బొమ్మల కొలువు పెట్టడానికి ఎలాగూ అటక ఎక్కుతాం. బొమ్మల పెట్టె దించే రోజునే డబ్బాలన్నీ దించి చూడాలి. పప్పులు, మిరప, చింతపండు పురటాసి ఎండలో ఒక పూట పెట్టి, చల్లార్చి, అంచు దాకా నింపి, మూతలు బిగించాలి. వానలకి ముందు చెన్నైలో మనకి దొరికే చివరి మంచి ఎండ అదే. గట్టు మీద ఒక చిన్న గిన్నెలో పొడి ఉప్పు తెరిచి ఉంచండి. అది మెరిసిన రోజు నుంచి పెద్ద డబ్బాలు తెరవొద్దు. మా అమ్మ ఆ రోజున పొడి సోలతో చిన్న డబ్బాలోకి బియ్యం తీసుకునేది. తీసేటప్పుడు ఒక సోల పక్కన వేరే కుండలో పోసేది. వాన నాలుగు రోజులు పట్టేస్తే, పనికి రాలేక ఇంట్లో ఉండిపోయిన పనమ్మాయి ఇంటికి ఆ కుండ వెళ్లేది.